ఊరికే ఇచ్చిన తోటకూర

2020 జూన్‌లో, కరోనా రోజుల్లో, మా మేడ మీద కుండీల్లో తోటకూర విరగబడి పండింది. మేం నలుగురం ఎంత తిన్నా తరగడం లేదు. ఒక సాయంత్రం మొత్తం కోసి, కట్టలు కట్టి, మా వీధిలో పదకొండు ఇళ్ళకు పంచిపెట్టాను. గేటు మీద పెట్టి, బెల్లు కొట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడడం. అప్పటి మర్యాద అది. అందరూ తెగ సంబరపడ్డారు. మందు కొట్టని కూర అన్నారు, మీ చేతి చలవ అన్నారు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు, అంత సంతోషం.

మర్నాడు పొద్దున ఆకుకూరల ఆమె మా గేటు ముందు గంప దింపింది. మూతికి చీర కొంగే మాస్కు. "ఇయ్యాల ఈ గల్లీల ఒక్క కట్ట వోలేదమ్మా, ఏమైందో ఏమో" అంది.

నాకు నోట మాట రాలేదు. నాలుగు కట్టలు పాలకూర తీసుకుని, చిల్లర ఉంచేసుకోమని చెప్పి లోపలికి వచ్చేశాను. చిల్లరెంత? పది రూపాయలు.

ఆ రోజులను ఇప్పుడు చాలామంది మురిపెంగా తలుచుకుంటారు. ఇల్లంతా కలిసి తిన్నాం, మొక్కలు పెంచాం, కుట్లు అల్లికలు నేర్చుకున్నాం, ఎవరి పని వాళ్ళు చేసుకోవడం తెలిసింది అంటారు. అబద్ధమేమీ కాదు, నేనూ అవన్నీ చేశాను. కాకపోతే ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు మా గేటు ముందున్న ఆ నిండు గంపే గుర్తొస్తుంది. సరదాకి చేసే పని పక్కవాళ్ళ జీవనోపాధి మీద ఎలా పడుతుందో మనం ఎప్పుడూ లెక్క వేసుకోలేదని నా ఫిర్యాదు. మొదటి ముద్దాయిని నేనే.

మొదలుపెట్టింది మాత్రం సరదాకి కాదు, భయంతో. ఆ ఏడు ఉగాది మార్చి 25న వచ్చింది. ముందు రోజు రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించి 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. మామిడికాయ లేకుండా ఉగాది పచ్చడి చేసిన ఏడాది నా జీవితంలో అదొక్కటే. వేపపువ్వు మాత్రం వీధి చివరి చెట్టు నుంచి దొరికింది. చేదుకు లోటు రాలేదు.

కూరలు దొరకవేమోనన్న టెన్షన్‌లో పోపుల డబ్బా తీసి మెంతులు, ధనియాలు పగిలిన బకెట్లలో చల్లాను. మెంతులు మూడో రోజుకే తల ఎత్తాయి. ధనియాలు పది రోజులైనా ఉలకలేదు. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి వేయాలని, అలా వేసినా హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు కొత్తిమీర రావడం కష్టమని తర్వాత తెలిసింది. మెత్తబడిన టమాటాను పిండి గింజలు చల్లితే నారు దట్టంగా వచ్చింది. మే నెలలో పూత నిండుగా పూసి, మొత్తం రాలిపోయింది. ఎండ నలభై దాటితే టమాటా కాయ పట్టదు. ఈ సంగతి మా నాన్నగారికి తెలుసు, మా తాతగారికి తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా నాగోలులో ఉంటున్న నాకు మాత్రం తెలియదు. జూన్‌లో వంగ మొక్కకు పిండినల్లి పట్టింది. సబ్బు నీళ్ళలో లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి కొడితే సగం పోయింది. మిగతా సగాన్ని పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో ఆకూ తిప్పి గీకాను. అదొక పిచ్చి. పొద్దున ఆరింటికి మేడెక్కితే ఎనిమిదింటి వరకు కిందికి దిగబుద్ధి అయ్యేది కాదు. ఆ రెండు గంటల్లో కేసుల లెక్కలు, ఆక్సిజన్ వార్తలు ఏవీ గుర్తొచ్చేవి కావు. మొక్కలు నన్ను కాపాడాయి అంటే అతిశయోక్తి అనుకోకండి.

అందుకని మొక్కలు పెంచొద్దని నేను అనడం లేదు. నా గొడవ వేరే మాటతో. మే 12న ఆత్మనిర్భర్ భారత్ ప్రసంగం వచ్చింది. ఆ తర్వాత ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ అదే పాట. మన కూర మనమే పండించుకుందాం, బజారు మీద ఆధారపడొద్దు, ఇంటింటికీ స్వావలంబన. నేనూ ఫార్వర్డ్ చేశాను. కానీ నాకు చిన్నప్పటి నుంచి లెక్కలు రాసే జబ్బుంది. పాల లెక్క, చాకలి పద్దు, గ్యాస్ బండ మార్చిన తేదీ, అన్నీ రాస్తాను. మేడ మీది తోటకూ ఒక నోట్‌బుక్ పెట్టాను. ఆ పుస్తకమే నా నోరు మూయించింది.

2020 ఏప్రిల్ నుంచి 2021 మార్చి వరకు ఖర్చు 14,380 రూపాయలు. ఇందులో గ్రో బ్యాగులు, ఆకుపచ్చ షేడ్ నెట్, పైపు, ఎర్రమట్టి, ఆ మట్టి బస్తాలు మూడంతస్తులు మోసినవాళ్ళ కూలీ, వర్మీకంపోస్టు, వేపపిండి, విత్తనాలు అన్నీ కలిశాయి. పంట చూస్తే ఆకుకూరలు 31 కిలోలు, సొర బీర కలిపి 14, వంకాయలు 9, టమాటా ఆరున్నర, బెండ 5, పచ్చిమిర్చి రెండున్నర. మొత్తం 68 కిలోలు. అంటే కిలో 211 రూపాయలు పడింది. ఇది చూసి మా తమ్ముడు, "అక్కా, బ్యాగులూ నెట్టూ నాలుగేళ్ళు వస్తాయి, వాటిని ఒక్క ఏడాది మీద వేయకూడదు" అన్నాడు. న్యాయమే. అవి 9,600. నాలుగో వంతు వేసి మళ్ళీ లెక్క కడితే కిలో 105 తేలింది. ఇక ఏడాది సగటున రోజుకు గంటే అనుకున్నా నా కష్టం ఉంది. గంటకు యాభై రూపాయలు అనుకుంటే, ఈ ఊళ్ళో ఆ కూలికి ఎవరూ రారు, అయినా యాభై అనే అనుకుందాం, కిలో మీద ఇంకో 268 ఎక్కుతుంది. నా వంకాయ, నా టమాటా, నా తోటకూర సగటున కిలో 370 పైచిలుకు. ఆకుకూరల ఆమె దగ్గర పది రూపాయల కట్టకు ఇంకో రెండు రెమ్మలు వేయమని పీకులాడే మనిషిని నేను.

ఇంకో లెక్క కూడా ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు అప్పట్లో మనిషికి రోజుకు 300 గ్రాముల కూరగాయలు తినమన్నారు. నలుగురికి కిలో రెండు వందలు. ఆ ప్రకారం నా ఏడాది పంట 57 రోజులకు సరి. మిగతా 308 రోజులూ ఎవరో పండించి, ఎవరో మోసుకొచ్చినదే తిన్నాం. ఆ 57 రోజులకే నేను స్వావలంబన అనుకుని మురిసిపోయాను.

అక్టోబరు 13 రాత్రి వాన సంగతి హైదరాబాద్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. కాలనీల్లో పడవలు తిరిగాయి. మా మేడ మీద నీళ్ళు పోయే గొట్టానికి కొబ్బరి పీచు అడ్డం పడి బ్యాగులన్నీ రెండు రోజులు మునిగే ఉన్నాయి. పాలకూర కుళ్ళింది, మిర్చి వేరు పట్టు వదిలి వాలిపోయింది. అదే వారం ఆకుకూరల ఆమె చేలో కూడా నీళ్ళు నిలిచాయి. బజార్లో రేట్లు మండిపోయాయి. ఆమె పంట పోయిన వారమే నా పంటా పోయింది. ఒకే వాన కదా. తేడా అల్లా, నేను ఫోన్ తీసి సూపర్‌మార్కెట్‌కు ఆర్డర్ పెట్టాను. ఆమె పది రోజులు కనిపించలేదు.

ఆమెది ఇబ్రహీంపట్నం అవతల ఊరు. కౌలుకు తీసుకున్న అరెకరం. అంతకు ముందు తెల్లవారుజామున సిటీ బస్సెక్కి వచ్చేది. మార్చి 22న ఆగిన సిటీ బస్సులు మళ్ళీ సెప్టెంబరు 25 దాకా రోడ్డెక్కలేదు. ఆ ఆరు నెలలు నలుగురైదుగురు కలిసి ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చేవాళ్ళు. మనిషికి ఎనభై రూపాయలు. ఇది నేను ఆమెను అడిగి తెలుసుకున్నది డిసెంబరులో. అంటే గంప ఊరికే వెనక్కి తీసుకెళ్ళిన ఆ రోజు నుంచి ఆర్నెల్లకు. పదకొండు ఇళ్ళు, ఇంటికో కట్ట, నూట పది రూపాయలు. ఆ రోజు ఆమె ఆటో ఖర్చు నేను తినేశాను.

ఇది ఒక్కరోజు ముచ్చటైతే నేనింత రాసేదాన్ని కాదు. మాస్కుల సంగతి ఇంకా అన్యాయం.

మా కింది వాటాలో అద్దెకు ఒక టీచరమ్మ ఉండేది. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది. బడి మూతపడగానే ఏప్రిల్‌లో సగం జీతం ఇచ్చారు, మే నుంచి అదీ లేదు. మేం రెండు నెలలు సగం అద్దే తీసుకున్నాం. పెద్ద ఉపకారం చేశామనుకున్నాం కూడా. ఆ అమ్మాయికి కుట్టుపని వచ్చు. ఏప్రిల్‌లో తెలంగాణలో మాస్కు తప్పనిసరి చేశారు, మేలో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. దుకాణాల్లో మాస్కులు లేవు, ఉన్నవి రేటు చూస్తే గుండె గుభేలు. ఆ అమ్మాయి పాత కాటన్ చీరలు కత్తిరించి, రెండు పొరలు వేసి, మూడు కుచ్చులు పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. ఎలాస్టిక్ ఎక్కడా దొరకలేదు, గుడ్డతోనే నాడాలు. ఒక్కోటి ఇరవై రూపాయలు. మా వీధిలోనూ పక్క వీధిలోనూ బాగానే అడిగారు.

నాకూ చేతులు ఊరుకోలేదు. అటక మీదున్న అత్తగారి ఉషా మిషన్ దింపించి నూనె వేయించాను. బాబిన్‌కు దారం చుట్టడం కూడా మర్చిపోయాను. ఆ టీచరమ్మే కింది నుంచి వచ్చి, దూరంగా నిలబడి, నోటితో చెప్పి నేర్పింది. వారానికల్లా చెయ్యి తిరిగింది. మా వారి పంచెలు నాలుగు కత్తిరించి తొంభై మాస్కులు కుట్టాను. ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు. ఊరికే పంచాను. వాచ్‌మన్‌లకు, మున్సిపాలిటీ ఊడ్చేవాళ్ళకు ఇచ్చినవి ఓ ముప్ఫై. దానికి నాకిప్పటికీ పశ్చాత్తాపం లేదు. మిగతా అరవై మా వీధిలో వాళ్ళకే. కార్లున్న వాళ్ళకు, మూడంతస్తుల ఇళ్ళున్న వాళ్ళకు. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టారు, దండం బొమ్మలు పెట్టారు.

వారం తర్వాత టీచరమ్మ మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఏమ్మా కుట్టడం లేదా అంటే, "ఎవరూ అడగట్లేదు ఆంటీ" అంది. మాటలో నిష్ఠూరం కూడా లేదు. నాకు పని నేర్పిన మనిషి! తర్వాతెప్పుడో తెలిసింది, ఎవరో ఆమెతో, "మీ మేడం గారు ఫ్రీగా ఇస్తుంటే నువ్వు ఇరవై అంటావేంటి" అన్నారట.

ఇక్కడే నా వాదమంతా ఉంది. నేను డబ్బు తీసుకోకపోవడం వల్ల ఆ పనికి విలువ పెరగలేదు. ఆ పని విలువ సున్నా అని వీధి వీధికీ చాటాను. తీరిక ఉన్నవాళ్ళు సరదాకి చేసే పని కదా, దీనికి ఇరవై ఎందుకు అనే ప్రశ్న నా వల్లే పుట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏప్రిల్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని, వాటిని డ్వాక్రా మహిళలతో కుట్టిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అదీ ఉచిత పంపిణీయే. కానీ కుట్టినవాళ్ళకు కూలి లెక్క ఉంది. ఉచితం తప్పు కాదు. ఆ ఉచితం ఎవరి చేతిలోంచి వస్తోంది, ఎవరి చేతిలోంచి పోతోంది అన్నదే అసలు సంగతి.

నాకిది కొత్తగా తెలియాల్సిన పని కూడా కాదు. మాది పాలకొల్లు దగ్గర. మా పెద్దమ్మ నరసాపురం లేసు అల్లేది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషె అల్లిక, గోదావరి డెల్టాలో ఇంటింటికీ పాకింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా అల్లేవాళ్ళు. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లినది పట్టుకుపోతాడు, చేతిలో నాలుగు డబ్బులు పెడతాడు. అవి విదేశాల్లో డైనింగ్ టేబుళ్ళ మీదికి వెళ్ళేవి. ఇంట్లో మగవాళ్ళనడిగితే, "ఆడవాళ్ళు ఊసుపోక అల్లుకుంటారు" అనేవాళ్ళు. 1970ల చివర్లో ఒక జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ మీదే పరిశోధన చేసింది. ఆమె తేల్చింది సరిగ్గా ఇదే. వీళ్ళను పనివాళ్ళు అనకుండా గృహిణులు అన్నారు, పనిని తీరిక వేళ కాలక్షేపం అన్నారు, కాబట్టి కూలి ఎంత తగ్గించినా చెల్లింది. మా పెద్దమ్మకు కళ్ళు పోయాయి. ఆమె కాలక్షేపం అంత ఖరీదైనది. 2024లో నరసాపురం లేసుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లో చూసి ఆ కట్టింగు దాచుకున్నాను.

లాక్‌డౌన్‌లో నేనూ క్రోషె సూది తీసి టీవీ మీదికి ఒక గుడ్డ అల్లాను, ఇప్పుడు టీవీల మీద గుడ్డ నిలవదని మరిచిపోయి. ఫేస్‌బుక్‌లో పెడితే రెండొందల లైకులు. "ఇవి అమ్మితే కొంటాం" అన్నవాళ్ళు ఇద్దరు. రేటు చెప్పాక ఇద్దరూ మళ్ళీ పలకలేదు. ఇరవై రెండు గంటల పని. గంటకు అదే యాభై వేసి చూసుకోండి.

మగవాళ్ళ మాట ఎత్తకపోతే ఈ కథ సగమే. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సర్వే ఫలితాలు సరిగ్గా లాక్‌డౌన్ ఏడాదే, 2020 సెప్టెంబరులో బయటికొచ్చాయి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఏదైనా ఒక రోజు చూస్తే ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది. మా వారు లాక్‌డౌన్‌లో దోసెలు పోయడం నేర్చుకున్నారు. బాగా పోస్తారు, కాదనను. ఆ దోసెల ఫోటోలు అమెరికాలో మా అబ్బాయి దాకా వెళ్ళాయి. పిండి రుబ్బిన వాళ్ళ ఫోటో, పెనం తోమిన వాళ్ళ ఫోటో మాత్రం ఎక్కడా లేవు. ఆయన చేస్తే హాబీ, నేను చేస్తే ఇంటిపని. సరిగ్గా ఈ మెట్టు మీంచే నేను టీచరమ్మను కిందికి తోశాను. నేను చేస్తే హాబీ, ఆమె చేస్తే ఇరవై రూపాయలా!

దేశం కూడా నాలాగే చేసింది. మేలో లోకల్ కోసం వోకల్, అంటే మన సరుకుకే గొంతు కలుపుదాం అన్నారు. జూలై 27న అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. ఆగస్టు 3న హస్తకళల బోర్డు. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం శుభాకాంక్షలు. ఆ బోర్డులు పెద్దగా చేసిందేమీ లేదని అన్నవాళ్ళున్నారు, ఉండొచ్చు. నిల్వలు పేరుకుపోయి మగ్గాలు ఆగిన ఏడాదే తీసేయాలా అన్నది నా ప్రశ్న.

ఇదంతా మా చెల్లెలికి చెబితే నవ్వింది. "అయితే ఇక ఎవరికీ ఏమీ ఇవ్వకూడదంటావా? మన ఊళ్ళో గోడ మీంచి సొరకాయలు అందించుకునేవాళ్ళం కాదూ?" అంది. గట్టి ప్రశ్నే. చాలా రోజులు ఆలోచించాను. మా ఊళ్ళో గోడకు అటూ ఇటూ పాదులుండేవి. మనం సొరకాయ ఇస్తే వాళ్ళు మునక్కాయలు ఇచ్చేవాళ్ళు. ఇవ్వలేనివాళ్ళు వచ్చి నాట్లలో చెయ్యి వేసేవాళ్ళు. సొరకాయ అమ్ముకుని బతికే మనిషి ఆ వీధిలో లేదు. నాగోలులో నా పదకొండు ఇళ్ళలో ఎవరికీ ఆ కట్ట అవసరం లేదు. కట్ట అమ్ముడుపోవడం ఆకుకూరల ఆమెకే అవసరం. పద్ధతి అదే అయినా చోటు మారింది.

ఇప్పుడు నేను పాటించేది చెప్తాను, ఎవరికైనా పనికొస్తే సరే. కొనుక్కోలేని వాళ్ళకు ఏదైనా ఇస్తాను. కొనగలిగిన వాళ్ళకు ఆమె గంపలో లేనివే ఇస్తాను. గోరింటాకు, మందార పూలు, నారు, తమలపాకు, వామాకు. కరివేపాకు అయితే ఆమే, "అది ఇచ్చుకో అమ్మా, నాకేం మిగల్దు దాంట్ల" అని అనుమతి ఇచ్చింది. టీచరమ్మ మళ్ళీ బడికి వెళ్తోంది. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వం నెలకు రెండు వేలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చినప్పుడు ఆ బియ్యంలో నాలుగు కిలోలు తెచ్చి మా ఇంట్లో పెట్టింది, అద్దె బాకీ కింద కాదట, ఊరికేనట. తీసుకున్నాను. తీసుకోకుండా ఉండే అర్హత నాకు లేదనిపించింది. ఇప్పుడు మా చీరల ఫాల్సు, జాకెట్లు అన్నీ ఆమే కుడుతుంది, రేటు ఆమే చెబుతుంది. పండగ ముందు రేటు పెంచితే నాకు లోపల చురుక్కుమంటుంది. అంత తేలిగ్గా పోయే అలవాటు కాదు.

మొన్న వానలకు బచ్చలి మేడంతా అల్లుకుంది. ఈసారి వీధిలో పంచలేదు. కోసి, పద్దెనిమిది కట్టలు కట్టి, పొద్దున ఆమె వచ్చేసరికి గేటు దగ్గర పెట్టాను. అమ్మి పెట్టు, సగం నీకు సగం నాకు అన్నాను. బేరం బేరమే కదా. ఆమె ఒక కట్ట చేతిలోకి తీసుకుని బరువు చూసింది. నవ్వింది.

"గింత గింత కట్టలు కడితే బతికినట్టే అమ్మా" అంటూ గడప మీద కూర్చుని, నా పద్దెనిమిది కట్టలూ విప్పి, తన కొంగున ఉన్న అరటి నారతో ముప్ఫై నాలుగు కట్టింది.